పైపు మార్చాక ఇంజన్ ఎందుకు కుంగుతుంది?

నిన్నటిదాకా చక్కగా పనిచేసిన చిన్న లోడర్. ఓ హైడ్రాలిక్ పైపు పగిలింది. కొత్తది క్రింపింగ్ చేయించి తెచ్చి బిగించారు, కారిపోయిన ఆయిల్ మళ్లీ నింపారు. కీ తిప్పితే ఇంజన్ అందుకుంది. కానీ కాసేపటికే దాని చప్పుడు బరువెక్కింది, ఆర్పీఎం పడిపోయింది, థ్రాటిల్ పెంచినా లేవడం లేదు. బకెట్ ఎత్తబోతే ఆగిపోయేంత పనవుతోంది. ఇలాంటప్పుడు అందరి చూపూ ఇంజన్ మీదికే పోతుంది. డీజిల్ ఫిల్టర్ మారుస్తారు, ఇంజెక్టర్లు విప్పుతారు, ఫ్యూయల్ పంపును కాలిబ్రేషన్‌కు పంపుతారు. డబ్బు పోతుంది, సైటులో పని ఆగుతుంది, ఇంజన్ మాత్రం అలాగే కుంగుతుంటుంది.

ఆ బండిలో మారింది పైపు. ఇంజన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. కాబట్టి వెతకడం కూడా పైపు దగ్గరే మొదలుపెట్టాలి. అక్కణ్నుంచి ఆయిల్ ఎటు వెళ్తుందో, ఎలా తిరిగి ట్యాంకుకు చేరుతుందో ఆ దారంతా చూసుకుంటూ పోవాలి. ఇలా ఎందుకు చేయాలో చిన్న లెక్క వేసుకుంటే ఎవరికైనా తెలుస్తుంది. లెక్కకు ముందు ఆ బండి ఎలాంటిదో చూద్దాం.

మన ఊళ్లలో మురుగుకాల్వల పూడిక ఎత్తడానికి, రోడ్డు పనుల్లో మట్టి తోయడానికి వాడే ఈ స్కిడ్ స్టీర్ రకం లోడర్ పుట్టింది అమెరికాలో, కోళ్ల షెడ్డు కోసం. మిన్నెసోటా రాష్ట్రంలోని రాత్‌సే అనే చిన్న ఊళ్లో సిరిల్ కెల్లర్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములు 1957లో మూడు చక్రాల లోడర్ ఒకటి తయారుచేశారు. టర్కీ కోళ్లు పెంచే రైతు ఒకాయన, షెడ్డులో స్తంభాల మధ్య ఇరుకులో తిరుగుతూ పెంట ఎత్తే బండి కావాలని అడిగాడు. మరుసటి ఏడాది మెల్రో కంపెనీ ఆ బండిని తన చేతికి తీసుకుంది. 1960లో నాలుగు చక్రాల ఎం-400 వచ్చింది. 1962లో బాబ్‌క్యాట్ అనే పేరు పెట్టారు. ఇరుకులో తిరగడానికే పుట్టిన బండి కాబట్టి దాని లోపలంతా కూడా ఇరుకే. సీటు వెనకాల, క్యాబిన్ కింద జానెడు చోటులో పంపులు, వాల్వులు, డజన్ల కొద్దీ పైపులు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఒక పైపు మార్చాలంటే పక్కనున్న నాలుగైదు కదలక తప్పదు. పైపు మార్చాక వచ్చే తంటాల్లో సగం ఇక్కడే పుడతాయి.

ఇప్పటి స్కిడ్ స్టీర్ లోడర్లలో ఇంజన్ వెనక సాధారణంగా మూడు రకాల పంపులు తిరుగుతుంటాయి. కుడి చక్రాలకు ఒకటి, ఎడమ చక్రాలకు ఒకటి చొప్పున రెండు హైడ్రోస్టాటిక్ పంపులు. వాటికి ఎప్పుడూ ఆయిల్ అందిస్తూ ఉండే చిన్న చార్జ్ పంపు. ఆర్మ్‌కు, బకెట్‌కు, ముందు తగిలించే అటాచ్‌మెంట్‌కు ఒక గేర్ పంపు. మధ్యలో క్లచ్ ఉండదు. ఇంజన్ తిరిగినంతసేపూ ఇవన్నీ తిరగాల్సిందే. మన కథకు ముఖ్యమైనది గేర్ పంపు.

గేర్ పంపు గురించి చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆ పంపు ప్రెజర్ పుట్టించదు. అది చేసేది ఒక్కటే: ఒక్కో చుట్టుకు ఇంత ఆయిల్ అని లెక్క ప్రకారం ముందుకు నెట్టడం. ముందున్న దారి ఖాళీగా ఉంటే ఆ ఆయిల్ హాయిగా వెళ్లిపోతుంది, ప్రెజర్ ఉండదు. దారి ఇరుకైతే ప్రెజర్ పెరుగుతుంది. దారి పూర్తిగా మూసుకుపోతే ఎక్కడో ఒకచోట తెరుచుకునేదాకానో, పగిలేదాకానో, ఇంజన్ ఆగేదాకానో ప్రెజర్ పెరుగుతూనే పోతుంది. పొలంలో నీళ్లు తోడే సెంట్రిఫ్యూగల్ మోటారు దీనికి సరిగ్గా వ్యతిరేకం. దాని గేట్ వాల్వ్ మూస్తే లోపలి నీళ్లు అక్కడక్కడే సుడి తిరుగుతాయి, మోటారు మీద లోడు తగ్గుతుంది. ఆ అలవాటుతో హైడ్రాలిక్ పంపును చూస్తే బోల్తా పడతాం. ఇక్కడ వాల్వ్ మూస్తే లోడు పెరుగుతుంది.

ఎంత పెరుగుతుందో లెక్క సులువు. నిమిషానికి వెళ్లే లీటర్లను బార్లలో ప్రెజర్‌తో హెచ్చించి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. నిమిషానికి 60 లీటర్లు నెట్టే పంపు అనుకుందాం. లివర్లేవీ కదపనప్పుడు ఆయిల్ వాల్వ్ మధ్యలోంచి, కూలర్‌లోంచి, ఫిల్టర్‌లోంచి నడిచి ట్యాంకులో పడుతుంది. ఆ దారికి 15 బార్ పట్టిందనుకుంటే ఖర్చయ్యేది 1.5 కిలోవాట్లు, అంటే 2 హార్స్‌పవర్. ఇంజన్‌కు అది లెక్కలోకే రాదు. అదే ఆయిల్‌కు దారి దొరక్క 200 బార్ దగ్గర, ప్రెజర్ హద్దు దాటితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్‌ను తోసుకుని పోవాల్సి వస్తే? 20 కిలోవాట్లు. దాదాపు 27 హార్స్‌పవర్. బండిలో ఉన్నది 50 హార్స్‌పవర్ ఇంజన్ అయితే సగానికి పైగా శక్తి ఏ పనీ చేయకుండానే పోతోంది. థ్రాటిల్ తక్కువలో ఉన్న ఇంజన్‌కైతే అంత శక్తి ఉండనే ఉండదు, అందుకే ఆగిపోతుంది. దాన్నే చక్రాలు తిప్పమని, బకెట్ ఎత్తమని అడిగితే కుంగక ఏం చేస్తుంది? ఇంజన్ బలహీనపడలేదు. దాని మీద మోయలేని బరువు పడింది.

ఇక ఆ దారి ఎక్కడ మూసుకుపోతుందన్నదే ప్రశ్న. నేను చెప్పే వరుసలో మొదటిది అటాచ్‌మెంట్ పైపుల చివర ఉండే క్విక్ కప్లర్. పైపు మార్చేటప్పుడు దీన్ని ఊడదీసి మళ్లీ తగిలిస్తారు. బయటికి చూస్తే సాదా ఇనుప ముక్క. లోపల మాత్రం రెండు సగాల్లోనూ స్ప్రింగుతో మూసుకునే చిన్న వాల్వులుంటాయి. రెండూ పూర్తిగా ఒకదాన్నొకటి నొక్కుకుంటేనే దారి తెరుచుకుంటుంది. కాలర్ చివరిదాకా జరగకపోయినా, మొహం మీద ఇసుక రేణువులున్నా, లోపల ప్రెజర్ నిలిచిపోయినా సగమే తెరుచుకుంటుంది. బయటికి ఆయిల్ చుక్క కారదు, చూడ్డానికి అంతా బిగుతుగానే ఉంటుంది. మన ఎండాకాలంలో ఇది ఎక్కువ. యార్డులో ఎండకు పడున్న అటాచ్‌మెంట్‌లో ఆయిల్ వ్యాకోచించి కప్లర్‌ను లోపలినుంచి నెడుతుంటుంది. అది కూర్చోకపోతే కొందరు సుత్తితో కొట్టి కూర్చోబెడతారు. అలా కొట్టకూడదు. లోపలి సీటింగ్ దెబ్బతింటుంది. ప్రెజర్‌ను పద్ధతిగా వదిలేస్తే కప్లర్ చేత్తోనే కూర్చుంటుంది.

సగం తెరుచుకుంటే ఏమవుతుంది, సగం ఆయిల్ వెళ్తుంది కదా అనిపించవచ్చు. లెక్క అలా ఒప్పుకోదు. దారి 4 మిల్లీమీటర్ల రంధ్రమంత మిగిలిందనుకోండి. నిమిషానికి 60 లీటర్లు అందులోంచి దూరాలంటే సుమారు 70 బార్ కావాలి. అంటే 7 కిలోవాట్లు అక్కడే పోయాయి. ఆ రంధ్రం ఇంకొక్క మిల్లీమీటరు తగ్గి 3 అయితే కావాల్సింది 220 బార్ పైమాటే, అంటే రిలీఫ్ వాల్వ్ తెరుచుకోవాల్సిందే. నిన్న కొంచెం బరువుగా అనిపించిన బండి ఇవాళ అసలు కదలకపోవడం వెనక ఇలాంటి ఒక్క మిల్లీమీటరు తేడా ఉండొచ్చు.

రెండోది, పైపులు తారుమారు కావడం. అటాచ్‌మెంట్‌కు వెళ్లే రెండు పైపులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఆర్మ్ సిలిండర్ పైపులు తారుమారైతే పైకి అన్నది కిందికి పోతుంది, వెంటనే తెలిసిపోతుంది. కానీ గడ్డి, పొదలు కొట్టే కట్టర్ లాంటి కొన్ని అటాచ్‌మెంట్లలో మోటారు వెనక్కి తిరగకుండా చెక్ వాల్వ్ పెడతారు. అది ఒకవైపే తెరుచుకుంటుంది. పైపులు తారుమారైతే ఆయిల్ నేరుగా పోయి ఆ మూసిన తలుపును గుద్దుకుంటుంది. అటాచ్‌మెంట్ తిరగదు, ఇంజన్ కుంగుతుంది. ఆపరేటర్‌కు మాత్రం కట్టర్ ఎక్కడో పట్టేసిందనిపిస్తుంది. అటాచ్‌మెంట్‌కు ఆయిల్ పంపే ఆగ్జిలరీ స్విచ్చో లివరో ఆన్‌లో లాక్ అయి ఉండి, కప్లర్లకు ఏమీ తగిలించకపోయినా ఇదే గతి. పైపు మార్చేటప్పుడు ఎవరి మోచేయో తగిలి లివర్ అలా ఉండిపోవడం మామూలే. అందుకే ఏదీ విప్పకముందు ఆగ్జిలరీ ఆపి చూడాలి. ఆపగానే ఇంజన్ తేలికపడితే సమస్య ఏ పైపుల్లో ఉందో అప్పుడే తెలిసిపోయినట్టే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది మెయిన్ వాల్వ్ దగ్గర పంపు పైపు, రిటర్న్ పైపు తారుమారు కావడం, లేదా రిటర్న్ దారి పూర్తిగా మూసుకుపోవడం. రిలీఫ్ వాల్వ్ ఉంది కదా, కాపాడుతుంది కదా అనుకుంటాం. రిలీఫ్ వాల్వ్ వదిలే ఆయిల్ కూడా ఆ రిటర్న్ దారిలోంచే ట్యాంకుకు పోవాలి. ఆ దారే లేకపోతే అది తెరుచుకున్నా ఒకటే, తెరుచుకోకపోయినా ఒకటే. పైగా రిటర్న్ వైపు పైపులు, ఫిల్టర్, కూలర్ తక్కువ ప్రెజర్‌కు తయారైనవి. వాటి మీద ఆ బరువు పడితే పగులుతాయి. వాల్వ్ బాడీ మీద పోర్టుల దగ్గర పోతపోసిన అక్షరాలుంటాయి. మట్టీ గ్రీజూ తుడిచి వాటిని చదవకుండా ఇంజన్ స్టార్ట్ చేయకూడదు.

పైపు సన్నగా ఉండటం వల్లే ఇదంతా అనే మాట షెడ్లలో తరచూ వినబడుతుంది. ముప్పావు అంగుళం పైపు దొరక్క అరంగుళం వేశారట, అందుకే ఇంజన్ కుంగుతోందట. ఇది చాలావరకు అపోహే. పనిచేసే వేడిలో ఉన్న 46 గ్రేడు ఆయిల్ నిమిషానికి 60 లీటర్ల చొప్పున ముప్పావు అంగుళం పైపులో వెళ్తే మీటరుకు పడిపోయే ప్రెజర్ బార్‌లో పదో వంతు కాస్త అటూ ఇటూ. అరంగుళంలో అది ఐదు రెట్లవుతుంది, ఎందుకంటే వ్యాసం తగ్గేకొద్దీ నష్టం దాని నాలుగో ఘాతంతో పెరుగుతుంది. ఐదు రెట్లంటే పెద్దగా వినబడుతుంది గానీ, మొత్తం మీటరుకు అర బార్‌ పైచిలుకే. రెండు మీటర్ల పైపుకు ఒకటింపావు బార్. 50 హార్స్‌పవర్ ఇంజన్‌కు అది చీమ కుట్టినట్టు కూడా ఉండదు. వేడి కొంచెం పెరుగుతుంది, పైపు ఆయువు తగ్గుతుంది, కాబట్టి సరైన సైజే వేయాలి. కానీ ఇంజన్ ఆగిపోతుంటే ఆ నేరం అరంగుళం పైపు మీద మోపడం తప్పు. అదే పావు అంగుళం పైపు వేసి ఉంటే మాట వేరు. అందులో మీటరుకు 25 బార్ దాటి పోతుంది. ఫిట్టింగ్ లోపలి రంధ్రం పైపు కంటే బాగా సన్నగా ఉన్నా అంతే. పైపును వేలితో కొలిచి వదిలేయకుండా రెండు చివర్లా ఫిట్టింగ్‌లోకి టార్చి వేసి చూడాలి.

సక్షన్ పైపు సంగతి పూర్తిగా వేరు. ట్యాంకులోంచి పంపుకు ఆయిల్‌ను నెట్టేది వాతావరణ పీడనం ఒక్కటే, అది ఒక్క బార్. అందులోంచి అర బార్ పోయినా పంపుకు ఆయిల్ చాలదు. అక్కడ మామూలు పైపు వేస్తే వేడెక్కాక లోపలికి నొక్కుకుపోతుంది. అందుకే సక్షన్ పైపుల్లో నొక్కుకుపోకుండా లోపల స్ప్రింగులాంటి తీగ చుట్టి ఉంటుంది. ఆయిల్ అందని పంపు కీచుమని అరుస్తుంది, గులకరాళ్లు కదిలినట్టు చప్పుడు చేస్తుంది, ఆర్మ్ వణుకుతూ నెమ్మదిగా లేస్తుంది. ఇంజన్ మాత్రం సాధారణంగా కుంగదు, ఎందుకంటే పని తగ్గింది కాబట్టి దాని మీద లోడూ తగ్గింది. పైపుల్లో గాలి మిగిలిపోయినా ఇంతే. ఆయిల్ నురగ కట్టి మజ్జిగలా తెల్లబడుతుంది, కదలికలు కుదుపుగా ఉంటాయి. గాలి పట్టింది, అందుకే ఇంజన్ లోడు తీసుకోవడం లేదని ఎవరైనా అంటే ఈ తేడా గుర్తుచేసుకోవాలి.

కొత్త పైపులోనే దాగి వచ్చే ముప్పు ఇంకొకటి ఉంది. పైపును కట్టింగ్ వీల్‌తో కోస్తారు. కాలిన రబ్బరు పొడి, లోపలి అల్లికలోని సన్నటి ఉక్కు తీగ ముక్కలు గొట్టంలో ఉండిపోతాయి. శుభ్రం చేయకుండా బిగిస్తే మొదటి నిమిషంలోనే ఆయిల్‌తోపాటు వాల్వ్‌లోకి చేరతాయి. వాల్వ్‌లో లివర్‌తోపాటు జరుగుతూ ఆయిల్ దారి మార్చే స్పూల్‌కూ దాని గొట్టానికీ మధ్య సందు వెంట్రుక మందం కన్నా చాలా తక్కువ. ఒక తీగ ముక్క చాలు, స్పూల్ మధ్యకు తిరిగి రాకుండా ఆగిపోవడానికి. లివర్ వదిలేసినా ఆయిల్ ఇంకా సిలిండర్ వైపే పోతుంటుంది, సిలిండర్ చివరికి చేరి ఆగితే ఇంజన్ మీద లోడు ఉండిపోతుంది. అదే ముక్క రిలీఫ్ వాల్వ్ సీటు మీద ఇరుక్కుంటే ఫలితం తలకిందులు: ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది, బకెట్‌కు మాత్రం బలముండదు. క్రింపింగ్ చేయించాక గొట్టంలోంచి గాలితో ఫోమ్ ముక్కను రెండు వైపుల నుంచీ పంపించమని షాపులో అడగాలి. రెండు చివర్లకూ ప్లాస్టిక్ మూతలు వేయించి తెచ్చుకోవాలి.

బకెట్ పనులన్నీ బాగుండి, బండి నడిపితేనే ఇంజన్ కుంగుతుంటే దారి మారుతుంది. చాలా లోడర్లలో పార్కింగ్ బ్రేక్ స్ప్రింగుతో పట్టుకుని, ఆయిల్ ప్రెజర్‌తో వదులుతుంది. ఆ చిన్న పైపు సరిగ్గా తగలకపోయినా, మడతపడినా బ్రేక్ పట్టే ఉంటుంది. ఇంజన్ ఆ బ్రేక్‌ను ఈడుస్తూ కుంగిపోతుంది.

ఇన్ని కారణాల్లో మీ బండిది ఏదో తేల్చడానికి ముందు పొగ చూడండి. లోడు ఎక్కువై కుంగే డీజిల్ ఇంజన్‌లో గవర్నర్ వేగం నిలబెట్టాలని మరింత డీజిల్ పోస్తుంది. దానికి సరిపడా గాలి లేక నల్లపొగ వస్తుంది. డీజిల్ అందక కుంగే ఇంజన్‌లో కాలడానికే ఏమీ ఉండదు కాబట్టి నల్లపొగ రాదు, నీరసంగా ఆగిపోతుంది. పొగగొట్టంలో ఫిల్టర్ ఉన్న కొత్త బండ్లలో ఈ తేడా కంటికి కనబడదు గానీ, పాతవాటిలో ఇది మంచి సాక్ష్యం. పొగ లేకుండా కుంగుతుంటే అప్పుడు డీజిల్ పైపు వైపు చూడాలి. హైడ్రాలిక్ పైపును ఇరికించేటప్పుడు పక్కనున్న డీజిల్ గొట్టం మడతపడటం, దాని క్లిప్పు వదులై గాలి పీల్చడం జరుగుతుంటాయి. థ్రాటిల్ కేబుల్ పక్కకు జరిగి పూర్తిగా లాగకపోవడమూ ఉంది.

తర్వాతి సాక్ష్యం వేడి. 200 బార్ దగ్గర రిలీఫ్ వాల్వ్ దాటిన ఆయిల్ పనేమీ చేయలేదు కాబట్టి ఆ శక్తంతా వేడిగా మారి, దాటిన క్షణంలోనే 12 డిగ్రీలు వేడెక్కుతుంది. 40 లీటర్ల ట్యాంకున్న బండి ఇలా తిరుగుతూ ఉంటే, కూలర్ లేకపోతే, నిమిషానికి 18 డిగ్రీల చొప్పున వేడెక్కగలదు. దూరం నుంచి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కప్లర్‌కు ఇటూ అటూ, వాల్వ్‌కు ఇటూ అటూ చూస్తే ఎక్కడ ఆయిల్ గింజుకుంటోందో చాలావరకు బయటపడుతుంది. చేత్తో తడిమి చూడొద్దు.

ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా చాలదు. హైడ్రాలిక్ పైపుకు సూదిమొనంత చిల్లు పడితే అందులోంచి వచ్చే ఆయిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చిన్న చుక్కంత గాయమే కనబడుతుంది, మొదట్లో పెద్ద నొప్పి కూడా ఉండకపోవచ్చు. ఏం కాలేదని గుడ్డ చుట్టుకుని పనిలో పడిపోతారు. లోపల ఆయిల్ కండరాల పొరల మధ్య పాకుతుంటుంది. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. అలా జరిగితే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, ప్రెజర్‌లో ఉన్న హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పి తీరాలి. లీకు వెతకాలంటే అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. ఆర్మ్ ఎత్తి ఉంచి దాని కింద పనిచేసేటప్పుడు సేఫ్టీ లాక్ వేయకుండా ఏ పైపునూ వదులు చేయకూడదు. ఆ పైపులోని ఆయిలే ఆర్మ్‌ను మోస్తూ ఉండవచ్చు.

చివరి తీర్పు గేజ్‌ది. పంపు దగ్గర టెస్ట్ పోర్టుకు ప్రెజర్ గేజ్ తగిలించి, లివర్లన్నీ న్యూట్రల్‌లో పెట్టి, ఆగ్జిలరీ ఆపి చూడాలి. గేర్ పంపు, న్యూట్రల్‌లో ఆయిల్‌ను మధ్యలోంచి ట్యాంకుకు వదిలే ఓపెన్ సెంటర్ వాల్వ్ ఉన్న బండిలో ముల్లు కింద ఉండాలి. ఏమీ చేయకుండానే వంద బార్ దాటి ఉంటే దారి మూసుకుపోయినట్టే. అప్పుడు రిటర్న్ వైపు నుంచి ఒక్కో జాయింటూ చూసుకుంటూ రావాలి. న్యూట్రల్‌లో ముల్లు కిందే ఉండి, ఆర్మ్ ఎత్తినప్పుడు మామూలుగానే పెరిగి, అయినా ఇంజన్ కుంగుతుంటే అప్పుడు ఇంజన్‌ను అనుమానించడం న్యాయం. గేజ్ పెట్టకముందే రిలీఫ్ వాల్వ్ స్క్రూ తిప్పి ప్రెజర్ తగ్గించేవాళ్లున్నారు. ఇంజన్ తేలికపడుతుంది, నిజమే, కానీ అసలు అడ్డు అక్కడే ఉండిపోతుంది, బకెట్ బలమూ పోతుంది.

అంతా సరిచేశాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు థ్రాటిల్ తక్కువలో ఉంచి, బకెట్ ఖాళీగా పెట్టి, ఆర్మ్‌నూ బకెట్‌నూ నెమ్మదిగా చివరిదాకా నాలుగైదుసార్లు ఆడించాలి. తర్వాత ఆపి ఆయిల్ మట్టం మళ్లీ చూడాలి, కొత్త పైపు తాగినంత తగ్గి ఉంటుంది. ఆయిల్ వేడెక్కాక న్యూట్రల్‌లో గేజ్ ఎంత చూపించిందో, పూర్తి థ్రాటిల్‌లో ఇంజన్ ఎన్ని ఆర్పీఎం తిరిగిందో లాగ్‌బుక్‌లో రాసి ఉంచండి. ఈసారి పైపు మార్చినప్పుడు పోల్చుకోవడానికి ఆ రెండంకెలూ చేతిలో ఉంటాయి.